లేచినప్పుడా, పరిగెత్తినప్పుడా?

"అమ్మా, కళ్లు తిరుగుతున్నాయి. గుండె దడదడలాడుతోంది." ఎదిగే వయసు పిల్లలు ఈ మాట అంటే కొందరు బడి ఎగ్గొట్టే ఎత్తు అనుకుంటారు. కొందరు ఆ రాత్రికే గుండె డాక్టరు దగ్గరికి పరుగెత్తుతారు. ముందు పిల్లల మాట నమ్మి, ఒక్క సంగతి అడగండి: లేచి నిలబడ్డప్పుడు వచ్చిందా, ఆడుతున్నప్పుడు వచ్చిందా?

మనిషి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం పొట్టలోకి, కాళ్లలోకి దిగుతుంది. మెదడుకు రక్తం తగ్గకుండా నాళాలు బిగుసుకోవాలి, గుండె కాస్త వేగం పెంచాలి. ఒంట్లో నీరు చాలకపోతే ఈ సర్దుబాటు ఆలస్యమవుతుంది. కళ్లు బైర్లు కమ్ముతాయి, దడ మొదలవుతుంది. కూర్చుంటే రెండూ సద్దుమణుగుతాయి. చాలామంది పిల్లల్లో జరిగేది ఇదే.

కారణం తరచుగా ఇంట్లోనే దొరుకుతుంది. బస్సు వచ్చేసిందని టిఫిన్ ముట్టకుండా వెళ్లిన పిల్ల ప్రార్థన వేళ ఎండలో నిలబడి సొమ్మసిల్లుతుంది. సాయంత్రం నీళ్ల సీసా ఎత్తి చూడండి. నిండుగా తిరిగొస్తోందంటే, బడిలో బాత్రూం బాగాలేక నీళ్లు తాగడమే మానేసిందేమో! అడిగితే తప్ప ఆ మాట చెప్పదు.

నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటోందేమో కూడా కనుక్కోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే ఆ దడకు అదే కారణం కావచ్చు. బడిలో వారం వారం ఇచ్చే ఐరన్ మాత్రను వికారంగా ఉందని పారేస్తుంటే, అన్నం తిన్నాక వేసుకోమనండి. వెంటనే టీ మాత్రం ఇవ్వకండి.

నాడి చూడటం మీరూ నేర్చుకోవచ్చు. కాసేపు పడుకోబెట్టి, మణికట్టు మీద బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి నిమిషం లెక్కపెట్టండి. నిలబెట్టాక పది నిమిషాల పాటు మధ్యమధ్యలో మళ్లీ చూడండి. 12-19 ఏళ్ల పిల్లల్లో నిలబడ్డాక 40 లేదా అంతకుమించి పెరుగుతూ, ఇబ్బంది నెలల తరబడి ఉంటే 'పాట్స్' అనే సమస్య కావచ్చు. ఆ లెక్కలు డాక్టరుకు చూపించండి.

పరిగెత్తుతుండగానో ఈదుతుండగానో పడిపోయినా, పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడి స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి ఉన్నా, ఊరికే కూర్చున్నప్పుడు లెక్కకందని వేగంతో దడ మొదలై ఠక్కున ఆగిపోయినా ఆలస్యం చేయకండి. వంశంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉంటే అదీ చెప్పండి. ఈసీజీ తప్పక తీయించాలి.

పిల్లలు పడిపోతే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టుకోండి, చుట్టూ గుమిగూడనివ్వకండి. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్లు పోయొద్దు, చేతిలో తాళాలు పెట్టొద్దు. నిమిషంలో తేరుకోకపోతే 108కి ఫోన్ చేయండి.

మామూలు రోజుల్లో మాత్రం టిఫిన్, నీళ్లు, నిద్ర తప్పనివ్వకండి. మంచం మీంచి ఒక్కసారిగా లేవకుండా, కాసేపు కూర్చుని లేవడం అలవాటు చేయండి. పరీక్షల బెంగతోనూ దడ వస్తుంది. అప్పుడు మార్కుల మాట పక్కనపెట్టి, కాసేపు పక్కన కూర్చోండి.