తాళం వేసిన ఇంట్లో కత్తిపీట

ఖతార్ రాజధాని దోహాలోని మదీనత్ ఖలీఫా ప్రాంతంలో కాపురముండే తెలుగు కుటుంబాలకు ఏటా రెండు ముఖ్యమైన పనులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మొదటిది, బజారులోకి పుల్లని మామిడికాయలు దిగగానే ఆవకాయ పెట్టడం. రెండవది, పిల్లల బడులకు వేసవి సెలవులు ఇవ్వగానే ఇంటికి తాళం వేసి స్వదేశానికి ప్రయాణం కట్టడం. ఈ రెండింటి నడుమ హడావుడిలో అందరూ మరచిపోయే వస్తువు ఒకటి ఉన్నది. అది అమ్మమ్మగారింటి నుంచో అత్తవారింటి నుంచో పెట్టె అడుగున భద్రంగా పెట్టి తెచ్చుకున్న కత్తిపీట. టెంకలు కొట్టిన కత్తిని కుళాయి కింద ఒకసారి కడిగి, పైపైన తుడిచి, వంటింటి కింది అరలోకి తోసి వెళ్ళిపోతారు. రెండు నెలల తరువాత తిరిగివచ్చి చూస్తే దాని నిండా ఎర్రని పొడి!

పొడిని తోమి పారవేయవచ్చు. కాని దాని కింద ఏర్పడిన చిన్న చిన్న గుంటలు పోవు. గుంట పదునంచు వద్ద పడితే అక్కడ ఎంత సానపట్టినా అంచు నిలవదు. గుంట లోతు మేరకు ఉక్కును అరగదీసి పారవేయవలసిందే. ఊరి కమ్మరి కొలిమిలో కాల్చి సాగగొట్టిన కత్తికి దోహా బజారులో మారు దొరకదు. ఆ కమ్మరి కొలిమి ఇప్పుడు ఊళ్ళోనూ ఉండకపోవచ్చు. ఏళ్ళ తరబడి వాడినా చెడని కత్తి రెండు నెలల విశ్రాంతిలో చెడిపోవడం వింతగా తోస్తుంది. నిజానికి వాడుకలో ఉన్న కత్తిని రోజూ కడుగుతాము, తుడుస్తాము, ఆరబెడతాము. విశ్రాంతిలో ఉన్న కత్తిని పట్టించుకునేవారు ఉండరు.

ఒక్క బొట్టు నీటిలో జరిగేది

ఇనుము తుప్పు పట్టడానికి ప్రాణవాయువు, నీరు రెండూ కావాలి. ఏ ఒక్కటి లేకపోయినా సాధారణ ఉష్ణోగ్రతలో తుప్పు పుట్టదు. తడి తగిలిన చోట ఇనుప పరమాణువులు ఎలక్ట్రానులను వదలి నీటిలో కరుగుతాయి. ఆ ఎలక్ట్రానులను మరొక చోట నీరు, ప్రాణవాయువు కలిసి గ్రహిస్తాయి. అంటే కత్తిపై నిలిచిన నీటి పొర ఒక చిన్న విద్యుత్ ఘటం వంటిది. నీటిలో ఉప్పు కలిస్తే విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది కనుక ఈ ఘటం మరింత చురుకుగా పనిచేస్తుంది.

కేంబ్రిడ్జి శాస్త్రవేత్త యులిక్ ఎవాన్స్ చేసి చూపిన ప్రయోగం ఒకటి ఈ విషయంలో ప్రసిద్ధమైనది. మెరుగుపెట్టిన ఇనుప రేకుపై ఆయన ఒక ఉప్పునీటి బొట్టును ఉంచాడు. బొట్టు అంచులు పలుచన గనుక అక్కడ గాలి ధారాళంగా అందుతుంది. నడుమ భాగానికి అంతగా అందదు. గాలి బాగా తగిలే అంచున ఇనుము ఎక్కువ తినుకుపోతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగింది తద్విరుద్ధం. గాలి అందని నడిమి భాగమే తినుకుపోయింది, తుప్పు మాత్రం దాని చుట్టూ వలయంలా పేరుకున్నది.

కత్తిని దాచేవారికి ఇందులో గొప్ప పాఠమున్నది. తడి గుడ్డ చుట్టిన చోట, పిడి రివెట్ల కింద, కత్తి మొదలు పీటచెక్కలోకి దిగిన సందులో, గాలి ఆడక తడి నిలుస్తుంది. అక్కడే లోలోపల తినుకుపోతుంది. కంటికి కనిపించే ఎర్రదనం ఒకచోట, అసలు నష్టం మరొకచోట.

ఇక ఆవకాయ సంగతి. మామిడి పులుపులోని ఆమ్లాలు కత్తిపై సహజంగా ఏర్పడిన పొరను కరిగిస్తాయి. ఉప్పు చేతులతో పట్టుకున్న కత్తికి ఉప్పూ అంటుతుంది. అంటే ప్రయాణానికి ముందు కత్తి చేసే చివరి పని దానికి అన్నిటికంటె హాని కలిగించే పని.

కత్తిపై కనిపించే నలుపునంతా తుప్పుగా భావించరాదు. అరటికాయ, అరటిపువ్వు తరిగినప్పుడు వాటి వగరులోని టానిన్లు ఇనుముతో కలిసి నల్లని పొర ఏర్పడుతుంది. ఇది కత్తిని కొంతవరకు కాపాడుతుంది కూడా. దానిని ఇసుకతో తోమి తళతళలాడించి, వెంటనే అరలో పెట్టి ఊరికి వెళ్ళడం, కప్పుకున్న దుప్పటి లాగివేసి చలిలో పడుకోబెట్టడమే!

స్టెయిన్‌లెస్ స్టీలు మాటేమిటి అన్న ప్రశ్న సహజం. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో హారీ బ్రియర్లీ నూటికి సుమారు 13 పాళ్ళు క్రోమియం కలిపి తయారుచేసిన ఉక్కుకు తొలి ఉపయోగాలలో భోజనపు కత్తులు ఒకటి. క్రోమియం గాలిలోని ప్రాణవాయువుతో కలిసి కంటికి కనపడనంత పలుచని పొరగా ఏర్పడుతుంది. గీత పడినా ఆ పొర తనంత తానే పూడుకుంటుంది. అయితే చెంచాల ఉక్కు వేరు, కత్తి ఉక్కు వేరు. పదును నిలవాలంటే కర్బనం ఎక్కువ కావాలి. ఆ కర్బనం కొంత క్రోమియంను తనతో బంధించుకుంటుంది. ఆ మేరకు రక్షణ తగ్గుతుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను అక్కడక్కడ ఛేదించి సూదిమొనంత గుంటలు చేస్తుంది. కనుక స్టెయిన్‌లెస్ కత్తిని కూడా నిర్లక్ష్యం చేయరాదు.

ఉక్కు అన్న మాటే మన దేశపుది. లోకప్రసిద్ధమైన ‘వూట్జ్’ అనే పేరు ఈ మాట నుంచే పుట్టిందని పలువురు పండితుల అభిప్రాయం. నేటి తెలంగాణలోని నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో కరిగించి ఈ ఉక్కును తయారుచేసేవారు. పారశీక వర్తకులు అక్కడిదాకా వచ్చి ఉక్కు ముద్దలు కొనుక్కుపోయేవారని భూగర్భ శాస్త్రవేత్త వాయిసీ వ్రాసిన వృత్తాంతం 1832లో అచ్చయినది. అటువంటి ఉక్కుతో చేసిన ఖడ్గాలలో కర్బనం నూటికి ఒకటిన్నర పాళ్ళ వరకు ఉంటుంది, క్రోమియం లేదు. ఎంతటి మేటి ఖడ్గమైనా నూనె పూయకపోతే మన కత్తిపీట వలెనే తుప్పు పడుతుంది.

దోహా గాలి, మూసిన గది

గాలి ఆ ఉష్ణోగ్రత వద్ద మోయగల నీటి ఆవిరిలో నిజంగా ఎంత మోస్తున్నదో తెలిపే నిష్పత్తిని సాపేక్ష ఆర్ద్రత అంటారు. అది సుమారు 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం ఒక్కసారిగా పెరుగుతుందని ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలో ఆంగ్ల శాస్త్రవేత్త వెర్నన్ తన ప్రయోగాలలో కనుగొన్నాడు. కంటికి నీటి చుక్క కనపడనక్కరలేదు; లోహంపై చేరిన అతి పలుచని తేమపొర చాలు.

దోహాలో జూన్, జూలై నెలలలో వాయవ్యం నుంచి ‘షమాల్’ గాలి వీస్తుంది. అది పొడిగాలి, దుమ్ముతో కూడినది. ఆగస్టు, సెప్టెంబరులలో ఆ గాలి సడలి సముద్రపు తేమ నగరాన్ని కమ్ముకుంటుంది. అప్పటికి సగం తెలుగు ఇళ్ళు తాళాలతో ఉంటాయి.

ఒక లెక్క చూద్దాం. బయట 34 డిగ్రీల సెల్సియస్ వేడి, 70 శాతం ఆర్ద్రత ఉన్న రోజున ఘనపు మీటరు గాలిలో సుమారు 26 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఏ.సి. ఆపివేసిన ఇంటిలోకి ఆ గాలి సందుల గుండా చేరుతుంది. పగలు గది 38 డిగ్రీలు ఉంటే ఆర్ద్రత 57 శాతం మాత్రమే. ప్రమాదపు గీతకు కొంచెం లోపలే ఉన్నది. రాత్రి గది 32 డిగ్రీలకు దిగితే అదే గాలిలో ఆర్ద్రత 78 శాతం అవుతుంది. ఒక్క చుక్క నీరు కొత్తగా చేరకుండానే కత్తి ప్రమాదంలో పడుతుంది. పక్కింటివారు ఊళ్ళోనే ఉండి వారి ఏ.సి. రేయింబవళ్ళు నడుస్తున్నదనుకుందాం. ఉమ్మడి గోడ 26 డిగ్రీలకు చల్లబడితే ఆ గాలి తన 26 గ్రాములను మోయలేదు. గోడ మీద, గోడనంటిన అలమర వెనుక మంచు కురిసినట్లు చెమ్మ దిగుతుంది. కనుక కత్తులు దాచే పెట్టెను ఉమ్మడి గోడనంటిన అరలో పెట్టకూడదు. ఇంటి నడుమ భాగంలో, పడకగది బీరువా పై అర మేలు.

దుమ్ము సంగతి ఇంకా తీవ్రమైనది. ఈ గల్ఫు సముద్రపు నీటిలో లీటరుకు 40 గ్రాములకు పైబడి లవణాలున్నాయి. మహాసముద్రాలలో సగటున 35 గ్రాములు. తీరపు ఉప్పుచవుడు నేలల దుమ్ములోనూ ఇవే లవణాలు. వంట ఉప్పు 75 శాతం ఆర్ద్రత వద్ద గాలిలోని తేమను పీల్చి కరుగుతుంది. సముద్ర లవణాలలోని మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం చాలు. అంటే ఉప్పుదుమ్ము పడిన కత్తికి పొడి దినమన్నది దాదాపు లేనట్లే. ప్రయాణానికి ముందు శుభ్రంగా కడగడం అలంకారం కోసం కాదు, ఈ లవణాన్ని తొలగించడం కోసం.

దాచే పద్ధతి

సబ్బునీటితో కడిగి, ఉప్పు పూర్తిగా పోవడానికి మంచినీటితో మరొకసారి కడగాలి. పొడిగుడ్డతో తుడిచిన తరువాత కూడా పిడి సందులలో నీరు ఉంటుంది. ఒక పూట గాలికి వదలాలి. అందుచేత ఈ పని విమానం ఎక్కే రోజున కాక ముందు రోజే చేయడం ఉచితం.

తరువాత నూనె. ఇక్కడ చాలామంది పొరబడతారు. వంటింట్లో చేతికందే పొద్దుతిరుగుడు నూనె పూస్తే, అది గాలిలోని ప్రాణవాయువుతో కలిసి వేడికి జిగురుగా, పసుపుపచ్చని బంకగా మారుతుంది. నువ్వుల నూనెకూ కొంతవరకు ఈ గుణమున్నది. అవిసె నూనె పూర్తిగా ఎండి పొరకడుతుంది. అందుకే దానిని రంగులలో కలుపుతారు. ఎండని నూనెలు వేరు. మన పెద్దలు కత్తిపీటకు ఆముదం రాసేవారు. దానికి శాస్త్రీయమైన ఆధారం ఉన్నది. ఆముదంలో నూటికి 85 పాళ్ళకు పైగా ఉండే రిసినోలిక్ ఆమ్లపు అణువుకు లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకునే గుణం ఉన్నది, పైగా అది సులువుగా ఎండదు. మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమాన యంత్రాలకు కందెనగా ఆముదాన్ని వాడినారు. ఆముదం దొరకనివారు మందుల దుకాణంలో అమ్మే లిక్విడ్ పారఫిన్ తెచ్చుకోవచ్చు. అది ఎన్నాళ్ళున్నా చెడదు, వాసన రాదు. నూనె ధారగా పోయనవసరం లేదు. గుడ్డతో రాసి, మళ్ళీ తుడిచివేయగా మిగిలినంత చాలు. పిడి చెక్కకు కూడా కొంచెం రాస్తే పగుళ్ళివ్వదు. చివరగా, నూనె రాసిన తరువాత వట్టి చేతితో లోహాన్ని తాకరాదు. చెమటలో ఉప్పున్నది; వేలిముద్ర ఆకారంలోనే తుప్పు లేవడం తరచు కనిపించే విషయమే.

చుట్టడానికి వార్తాపత్రిక పనికిరాదు, అది తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. తోలు ఒర ఇంకా చెడ్డది. తోలు శుద్ధిలో వాడిన ఆమ్లాలు, లవణాలు అందులో మిగిలి ఉంటాయి. కత్తిని తీసుకువెళ్ళడానికే ఒర, దాచడానికి కాదు. ఓక్ చెక్క పెట్టెలు వేడిలో ఎసిటిక్ ఆమ్లపు ఆవిరిని వదలుతాయి గనుక అవీ తగవు. నూనె రాసిన కత్తిని ఉతికి బాగా ఆరిన నూలుగుడ్డలో వదులుగా చుట్టి, రబ్బరు చుట్టు గల మూత ఉన్న డబ్బాలో పెట్టడం మేలైన మార్గం. కత్తులు ఒకదానినొకటి తాకకుండా వేరువేరుగా చుట్టాలి; పదునంచు చెడటానికి తుప్పే కావాలని లేదు.

డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేయవచ్చు. అయితే బూట్ల పెట్టెలో వచ్చి ఆరు నెలలు బల్లసొరుగులో పడి ఉన్న పొట్లం అప్పటికే కడుపునిండా నీరు తాగి ఉంటుంది. దానివలన ప్రయోజనం లేదు. గుళికలను పొట్లం నుంచి తీసి ఓవెన్‌లో 120 డిగ్రీల వద్ద రెండు మూడు గంటలు వేడిచేస్తే మళ్ళీ పనికివస్తాయి. రంగు గుళికలైతే నీలం పొడిగా ఉన్నదనడానికి గుర్తు, గులాబి తడిసినదనడానికి. ఆ నీలంలోని కోబాల్టు లవణం విషపూరితం గనుక వాటిని ఓవెన్‌లో పెట్టక, పిల్లలకు అందనీయక, రంగులేని గుళికలనే వాడడం మంచిది. ఉప్పు డబ్బాలో వేసినట్లుగా బియ్యపు గింజలు వేస్తే చాలదా అని కొందరు అడుగుతారు. మామూలు బియ్యంలోనే నూటికి 12 నుంచి 14 పాళ్ళు నీరు ఉంటుంది. కత్తికి కావలసినంత పొడిదనం బియ్యం ఇవ్వలేదు.

ఇంత చేసినా తిరిగివచ్చినప్పుడు ఎర్రని మచ్చ కనిపిస్తే భయపడనక్కరలేదు. తుప్పు గీసుకుంటే ధనుర్వాతం వస్తుందన్న మాట సగమే నిజం. ఆ జబ్బుకు కారణం మట్టిలో ఉండే సూక్ష్మజీవి, తుప్పు కాదు. మచ్చపై చింతపండు గుజ్జు రాస్తే దాని ఆమ్లం తుప్పును కరిగిస్తుంది. పది నిమిషాలకు మించి ఉంచరాదు. వెంటనే వంటసోడా కలిపిన నీటితో కడగాలి, లేనిచో మందే రోగమవుతుంది.

తిరిగివచ్చిన రోజున ఇల్లు వేడిగా ఉంటుంది, డబ్బాలోని కత్తీ వేడిగానే ఉంటుంది. ఏ.సి. వేసి ఇల్లు చల్లబరిస్తే దానికి హాని లేదు. మరునాడు దుమ్ము పోవాలని కిటికీలన్నీ తెరిచినప్పుడే జాగ్రత్త అవసరం: 22 డిగ్రీల చల్లని లోహంపై ఆగస్టు గాలి తగిలితే నిమిషాలలో చెమ్మ పడుతుంది. కిటికీలు మూసి, ఇల్లు మళ్ళీ సర్దుకున్నాకనే డబ్బా మూత తీయాలి. తీసిన కత్తిని వేడి సబ్బునీటితో కడిగి నూనె పూర్తిగా పోగొట్టుకోవాలి. లేకపోతే ఆ రోజు తరిగిన మొదటి ఉల్లిపాయకు ఆముదం వాసన పడుతుంది.