కిలో బియ్యం ధరలో చట్టాల వాటా ఎంత?

విజయవాడలో ఏ బియ్యం కొట్టులో అడిగినా ఒక మాట తరచుగా వినిపిస్తుంది: "కూలి రేట్లు పెరిగాయి, అందుకే బియ్యం రేటు పెరిగింది." మన హాస్టళ్ళలో చదివే చాలామంది తల్లులు ఆ కూలికే వెళ్తారు. మా అమ్మ కూడా నాట్లకు వెళ్తుంది. కనుక ఈ మాట ఎంతవరకు నిజమో లెక్క కట్టి చూద్దాం.

మద్దతు ధర

2025-26 ఖరీఫ్‌కు కేంద్రం సాధారణ రకం ధాన్యానికి ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. క్వింటాలు ధాన్యం మరాడిస్తే ప్రభుత్వ లెక్క ప్రకారం 67 కిలోల పచ్చి బియ్యం రావాలి. అంటే మిల్లు ఖర్చు, రవాణా, హమాలీ కలపకముందే కిలోకు 35 రూపాయల 36 పైసలు పడుతుంది. తవుడు, ఊక, నూక అమ్మితే మిల్లరుకు కొంత తిరిగి వస్తుంది.

2018-19 నుండి ఈ ధరను సాగు ఖర్చుకు, రైతు కుటుంబ శ్రమ విలువను కలిపి, ఆ మొత్తానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండేలా నిర్ణయిస్తున్నారు. సాగు ఖర్చులో కూలి కూడా ఉంటుంది. కూలి పెరిగితే బియ్యం ధర పెరిగే దారి ఇదే.

కూలి చట్టం

కనీస వేతనాల బిల్లును 1946లో ప్రవేశపెట్టింది, అప్పుడు వైస్రాయి కార్యవర్గంలో కార్మిక శాఖ చూస్తున్న డాక్టర్ అంబేద్కర్. అది 1948లో చట్టమైంది. వ్యవసాయ కూలీలు కూడా దాని కిందికి వచ్చారు. 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుండి దాని స్థానంలో అమల్లోకి వచ్చింది.

ఇక లెక్క

డెల్టాలో ఎకరానికి 75 కిలోల బస్తాలు 30 పండాయి అనుకుందాం. అంటే 2,250 కిలోల ధాన్యం, సుమారు 1,507 కిలోల బియ్యం. ఎకరం నాటడానికి పదిమంది ముఠా కావాలనుకుందాం. ఒక్కొక్కరి కూలి వంద రూపాయలు పెరిగితే ఎకరానికి అదనపు ఖర్చు 1,000 రూపాయలు. కిలో బియ్యానికి అది 66 పైసలు. దానికి ఒకటిన్నర రెట్లు వేసినా రూపాయి లోపే. 25 కిలోల బస్తాకు 25 రూపాయలు దాటదు. కలుపు, కోత, మోత కూలి కూడా పెరిగితే ఇంకొంత పెరుగుతుంది. అది ఒప్పుకోవాలి.

పన్ను, ఎగుమతి, రేషన్

2022 జూలై 18 నుండి, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల లోపు బియ్యం సంచులకు, 25 కిలోల సంచితో సహా, 5 శాతం జీఎస్టీ వేశారు. బస్తా 1,400 రూపాయలైతే పన్ను 70 రూపాయలు. అందుకే మన బజారులోకి 26 కిలోల బస్తాలు వచ్చాయి. 26 కిలోలు ఒకేసారి కొనగలిగిన వారికి పన్ను లేదు. డబ్బు చాలక 5 కిలోల ప్యాకెట్ కొన్న కూలి మనిషికి పన్ను పడింది.

ధర తగ్గించే నిబంధనలూ ఉన్నాయి. 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం కింద వ్యాపారుల నిల్వలకు పరిమితి పెట్టవచ్చు. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది, 2024 సెప్టెంబరులో ఎత్తివేసింది. ఇటువంటి నిషేధం కొనేవారికి మేలు చేస్తుంది, కానీ రైతుకు రావలసిన ధరను తగ్గిస్తుంది. రేషన్ సంగతి వేరు. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. 2023 జనవరి నుండి ఆహార భద్రతా చట్టం కింద కార్డుదారులకు బియ్యం ఉచితం. అక్కడ ఖర్చు మాయం కాలేదు, ఖజానా భరిస్తున్నది.

ముగింపు

చట్టాల వల్ల ధర మారుతుంది. అయితే ఏ చట్టం వల్ల ఎంత మారిందో, ఆ డబ్బు ఎవరికి చేరిందో విడివిడిగా చూడాలి. మనం వేసిన లెక్కలో నాట్లు వేసిన పదిమందికి వంద రూపాయల చొప్పున పెరిగినా బస్తాకు పడింది 25 రూపాయల లోపు, పన్ను 70 రూపాయలు. అయినా నింద ముందు కూలి మీదికే వస్తుంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊరి దిగుబడి, నాట్ల కూలి, బియ్యం ధర అడిగి రాసుకోండి. ఇదే లెక్క మీరూ వేయండి. "కూలి వల్లే ధర పెరిగింది" అని ఎవరైనా అంటే కోపపడకుండా ఆ కాగితం చూపించండి.