మందు కొనేముందు మేత సంగతి చూడు

చిరంజీవి సురేష్‌కు,

చలి మొదలయ్యేలోగా నీ శీలావతి, బొచ్చె చేపల చెరువులకు ఇమ్యూనిటీ పెంచే మందు వేయాలనుకుంటున్నానని, ఏది మంచిదో చెప్పమని రాశావు. అంతకంటే ముందు, ఆ మందు చేప కడుపులోకి వెళ్లే దారి ఉందో లేదో చూడాలి. కైకలూరు, ఆకివీడు వైపు నూనె తీసిన తవుడును చిల్లుల సంచుల్లో నింపి గడలకు కట్టడం వాడుక. ఆ సంచి గంటల తరబడి నీళ్లలో నానుతుంది. విటమిన్ సి నీళ్లలో ఇట్టే కరిగే పదార్థం. తవుడులో కలిపిన పొడిలో చాలా భాగం చేప నోటికి అందకముందే చెరువు పాలవుతుంది. పైగా తవుడు ఒక్కటే సంపూర్ణమైన మేత కాదు. మాంసకృత్తులు చాలని చేప రక్షణ కణాలను దేనితో తయారు చేసుకుంటుంది? ఆ లోటు ఏ పొడితోనూ తీరదు.

అలాగని ఈ మందులన్నీ బూటకమని నేను అనను. సాగు చేపల్లో చాలావాటి శరీరం విటమిన్ సి తయారు చేసుకోలేదు. అది కరవైతే పుండ్లు మానవు, చేపపిల్లల వెన్ను వంకర పోతుంది. ఈస్టు కణాల గోడ నుంచి తీసే బీటా గ్లూకాన్‌ను చేప రక్షణ కణాలు బయటి శత్రువుగా గుర్తించి అప్రమత్తమవుతాయి. నీళ్లు చల్లబడితే చేపలో యాంటీబాడీలు నెమ్మదిగా తయారవుతాయి కాబట్టి పుట్టుకతో వచ్చిన ఈ మొదటి రక్షణ దానికి ప్రాణాధారం. ఎర్రమచ్చలు తెచ్చే ఏరోమోనాస్ బ్యాక్టీరియాను ఎక్కించి చేసిన ప్రయోగాల్లో, ముందుగా ఇలాంటి మేత తిన్న శీలావతుల్లో చావులు తగ్గిన దాఖలాలున్నాయి. కానీ అవి శుభ్రమైన నీళ్ల తొట్లలో, కొన్ని వారాలపాటు సరైన మేత పెట్టి చేసినవి. మన చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది, అడుగు బురద నుంచి అమ్మోనియా లేస్తుంది. ఆ ఒత్తిడిలో చేప ఒంట్లో పెరిగే కార్టిసాల్, మందు లేపాలని చూసే కణాలనే అణచివేస్తుంది.

పక్క చెరువులో వేస్తే చావులు ఆగాయి కదా అంటావు. చావులు మొదలైతే రైతు నీళ్లు మారుస్తాడు, సున్నం చల్లుతాడు, మేత ఆపుతాడు. వీటిలో ఏది పనిచేసిందో ఎలా తేలుతుంది? జబ్బుపడ్డ చేప మేత ముట్టదు కాబట్టి మేతలో కలిపిన మందు దాన్ని లేపిందనడం మరీ కష్టం. అలాగని ముందుజాగ్రత్త వృథా అని కాదు. నార్వే సాల్మన్ సాగులో 1987లో సుమారు 50 టన్నులున్న యాంటీబయాటిక్ వాడకం, ఉత్పత్తి పెరుగుతున్నా, 1990ల్లోనే బాగా పడిపోయింది. అది ప్రధానంగా టీకాల ఫలం. రోగం రాకముందే కాపాడుకోవడం సాధ్యమని అది రుజువు చేసింది గానీ, పొడుల గొప్పతనాన్ని కాదు. మన చెరువుల్లో చేప చేపకూ సూది వేయలేం గనక మేత దారినే వెతకాలి. నీ ఆలోచనలో నాకు నచ్చింది అదే.

మందు పట్టించడానికి తవుడు కాక పెల్లెట్ మేత కావాలి. అది ఖరీదన్న నీ బాధ న్యాయమైనదే. ఏడాదంతా అక్కర్లేదు. గ్లూకాన్‌ను ఆపకుండా వాడితే ప్రభావం తగ్గినట్టు కొన్ని ప్రయోగాల్లో కనబడింది కూడా. చలికి ముందు, పిల్లలను చెరువు మార్చే ముందు రెండు మూడు వారాలు చాలు. వేడికి, నీటికి తట్టుకునే ఫాస్ఫేట్ రకం విటమిన్ సి తీసుకుని, బైండర్‌తో పెల్లెట్లకు పట్టించి, నీడన ఆరబెట్టి వేయి. డబ్బా మీద ఏముందో రాయని మందు కొనకు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి నిషిద్ధ మందులు అందులో కలిసి ఉంటే సరుకు మొత్తానికీ ముప్పు. చేప ఒంటి మీద పేను, మొప్పల్లో పురుగు ఉన్నాయేమో ముందు ల్యాబులో చూపించు. పేను చేసిన గాయంలోంచే బ్యాక్టీరియా లోపలికి పోతుంది, ఆ పేనును ఏ ఇమ్యూనిటీ మందూ చంపదు.

నీకున్న రెండు చెరువుల్లోనూ ఒకే పిల్ల, ఒకే మేత కాబట్టి ఈసారి ఒకదానికే మందు వేయి. పట్టుబడి రోజున బతికిన చేపలు, బరువు, తిన్న మేత రెండింటికీ విడివిడిగా రాసిపెట్టు. ఈలోగా వారంపాటు తెల్లవారకముందే ఆక్సిజన్ కొలిచి ఆ లెక్క నాకు పంపు. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తక్కువ వస్తుంటే మందుకు దాచిన డబ్బు ఏరేటర్లకు పెట్టు.

ఇట్లు,
నీ పెదనాన్న