కాలి నరాలకు ఇంజెక్షన్: సంతకానికి ముందు, మచ్చ పడ్డాక

పొద్దున పదింటికి షట్టర్ లేచినప్పటి నుంచి రాత్రి తొమ్మిదికి దిగేదాకా బట్టల షాపులో సేల్స్‌గర్ల్ నిలబడే ఉంటుంది. హోటల్లో పెనం దగ్గరి దోసె మాస్టరు, చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్, బడిలో టీచరమ్మ పరిస్థితీ అదే. ఏళ్లు గడిచేసరికి కొందరికి పిక్కల మీద నీలంగా మెలికలు తిరిగిన నరాలు తేలతాయి. సాయంత్రానికి కాళ్లు బరువెక్కుతాయి, చీలమండలు వాస్తాయి, రాత్రి పిక్కలు పట్టేస్తాయి. కోళికోడ్ బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడితే కేరళ 2018లో షాపుల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా షాపుల్లో పనివాళ్లకు కుర్చీ వేయాల్సిందేనని చట్టం చేసింది.

జనం వాటిని నరాలంటారు గానీ అవి సిరలు. కాళ్లలోని రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే గొట్టాలు. వాటిలో రక్తం వెనక్కి జారకుండా ఆపే కవాటాలు దెబ్బతింటే రక్తం కిందే నిలిచి సిర ఉబ్బుతుంది. డాక్టర్లు వేరికోస్ వెయిన్స్ అనేది దీన్నే. దీనికి ఉన్న చికిత్సల్లో ఒకటి స్క్లెరోథెరపీ. పాలిడోకనాల్ లాంటి మందును ద్రవంగానో, గాలితో కలిపి నురగగానో చెడిన సిరలోకి ఎక్కిస్తారు. సిర లోపలి పొర దెబ్బతిని గోడలు అతుక్కుపోతాయి, రక్తం పక్క సిరల దారి పడుతుంది. కోత ఉండదు, కుట్లు ఉండవు. చాలామంది ఆ రోజే నడుచుకుంటూ ఇంటికి వెళ్తారు.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ‘చిన్న ఇంజెక్షనేగా’ అనే మాట డాక్టరు నోటా వస్తుంది, రోగి నోటా వస్తుంది. చూపించిన చోట సంతకం పడుతుంది. చేతికి డబ్బు కట్టిన రసీదు తప్ప మరో కాగితం రాదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఓ చిన్న పట్టణంలో ముప్పై ఎనిమిదేళ్ల సేల్స్‌గర్ల్. కాలు నొప్పి భరించలేక, ‘నూటికి నూరు శాతం గ్యారంటీ, కోత లేని వైద్యం’ అన్న బోర్డు చూసి ఓ క్లినిక్‌కు వెళ్లింది. అరగంటలో నాలుగు ఇంజెక్షన్లు చేసి పంపేశారు. మూడో రోజుకు చీలమండ పైన చర్మం నల్లబడింది. ఫోన్ చేస్తే ‘అదే తగ్గిపోతుందమ్మా’ అన్నారు. రెండు వారాలకు అక్కడ పుండు పడింది. ఆమెకు చట్టం ఏ మేరకు అండగా ఉంటుంది?

ముందు ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. ఇంజెక్షన్ తర్వాత మచ్చ పడినంత మాత్రాన డాక్టరు తప్పు చేసినట్టు కాదు. సిర వెంట గోధుమరంగు మచ్చ రావడం ఈ చికిత్సలో తరచూ కనిపించేదే, చాలామందికి నెలల్లో వెలిసిపోతుంది. మందు సిర బయటికి కారినా, పొరపాటున ధమనిలోకి వెళ్లినా చర్మం చచ్చి పుండు పడవచ్చు. అరుదుగా లోపలి పెద్ద సిరలో రక్తం గడ్డకట్టవచ్చు, ఒంటికి మందు పడకపోవచ్చు, నురగ ఎక్కించాక కాసేపు చూపు మసకబారవచ్చు. జాగ్రత్తగా చేసినా వచ్చే చిక్కులున్నాయి కాబట్టే న్యాయస్థానం వేసే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. ఇంజెక్షన్‌కు ముందు డాప్లర్ స్కాన్‌తో ఏ సిర ఎక్కడ చెడిందో చూశారా? గర్భంతో ఉందా, గతంలో రక్తం గడ్డకట్టిందా, అలర్జీలున్నాయా అని అడిగారా? చేసినవారికి ఆ అర్హత ఉందా? చర్మం నల్లబడిందని ఫోన్ చేసినప్పుడు పిలిపించి చూశారా? మన ఉదాహరణలో అన్నిటికంటే బలమైన ప్రశ్న ఈ చివరిదే.

సంతకం సంగతికి వద్దాం. 2008 జనవరిలో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో ఇచ్చిన తీర్పు దీనికి ఆధారం. ఆ కేసులో ఓ మహిళ లాపరోస్కోపీ పరీక్షకు ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా తల్లి సంతకం తీసుకుని గర్భసంచి, అండాశయాలు తొలగించారు. పరీక్షకు ఇచ్చిన అంగీకారం ఆపరేషన్‌కు ఇచ్చినట్టు కాదని, ప్రాణం మీదికి వచ్చే అత్యవసరం లేనప్పుడు స్పృహ వచ్చేదాకా ఆగి రోగినే అడగాలని కోర్టు తేల్చింది. చికిత్స ఏమిటో, ఎందుకో, బదులుగా వేరే మార్గాలేమున్నాయో, గట్టి ముప్పులేమిటో చెప్పి తీసుకున్న అంగీకారమే చెల్లుతుందని చెప్పింది. ఎక్కడో కోటికొకరికి జరిగేదాన్ని కూడా ఏకరువు పెట్టనక్కర్లేదని అదే తీర్పులో ఉంది.

కాలి నరాల విషయంలో ‘వేరే మార్గాలు’ అన్న మాటకు చాలా బరువుంది. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్దేశించే నైస్ సంస్థ 2013 మార్గదర్శకాల్లో లేజర్ లేదా రేడియో తరంగాల వేడితో సిరను మూయడాన్ని ముందు పెట్టింది. అది కుదరకపోతే నురగ ఇంజెక్షన్, అదీ కుదరకపోతే ఆపరేషన్. మన డాక్టరు ఆ వరసే పాటించాలని లేదు. కానీ ఈ మూడూ ఉన్నాయని, ఈ కాలికి ఇంజెక్షనే ఎందుకు మేలో, నరాలు మళ్లీ తేలే అవకాశం ఎంతో చెప్పాలి. అది కూడా రోగికి అర్థమయ్యే భాషలో. ఇంగ్లీషులో అచ్చేసిన ఫారం కింద తెలుగు సంతకం పెట్టించుకుని ‘అన్నీ చెప్పాం’ అంటే న్యాయం కాదు.

ఇక కాగితాలు. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. అయితే మూడేళ్లు భద్రపరచాలన్న నియమం ఆసుపత్రిలో చేరినవారి రికార్డుల గురించి చెబుతుంది. ఈ ఇంజెక్షన్ ఎక్కువగా చేరకుండానే అయిపోతుంది. అందుకే డాప్లర్ రిపోర్టు, అంగీకార పత్రం నకలు, మందు పేరు, మోతాదు, చేసిన డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న చీటీ ఆ రోజే తీసుకోవాలి. చర్మం రంగు మారితే రోజూ ఫొటో తీసి, క్లినిక్‌కు వాట్సాప్‌లో పంపి, జవాబులు దాచుకోవాలి. ఫోన్‌లో మాట్లాడింది గాలికి పోతుంది.

చాలామంది ముందు పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తుతారు. డాక్టరుపై క్రిమినల్ కేసు నిలవాలంటే నిర్లక్ష్యం ఘోరమైనదై ఉండాలని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన సేల్స్‌గర్ల్‌కు సరైన చోటు జిల్లా వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే తేలింది. అందరికీ పూర్తి ఉచితంగా చేసే ఆసుపత్రులకు మాత్రం ఇది వర్తించదు. 2019 చట్టం ప్రకారం క్లినిక్ ఎక్కడున్నా ఆమె తన సొంత జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. చికిత్సకు కట్టింది 5 లక్షల రూపాయల లోపైతే కోర్టు ఫీజు లేదు, లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. దారి తెలియకపోతే 1915 హెల్ప్‌లైన్ ఉంది. గడువు రెండేళ్లు.

‘మరో డాక్టరు వచ్చి సాక్ష్యం చెబితే తప్ప గెలవలేరు’ అని భయపెడతారు. ఈ భయాన్ని పోగొట్టింది మన హైదరాబాద్ కేసే. మలేరియా విభాగంలో పనిచేసే ఉద్యోగి భార్యకు జ్వరం వస్తే ఓ ప్రైవేటు ఆసుపత్రి టైఫాయిడ్‌కు వైద్యం చేసింది. ఆమెకున్నది మలేరియా. ఆమె చనిపోయింది. జిల్లా ఫోరంలో గెలిచిన ఆయన రాష్ట్ర, జాతీయ కమిషన్లలో ఓడారు. 2010 మార్చిలో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది, ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదంది. వి.కిషన్ రావు తీర్పుగా దానికి పేరు. చిక్కుముడి కేసుల్లో నిపుణుడి మాట అవసరమే. కాబట్టి పుండు పడ్డాక వాస్క్యులర్ సర్జన్‌కు చూపించి, ఆయన రాసిన చీటీని ఫిర్యాదుకు జతచేయడం మేలు.

బీమా ఉన్నవారికి మరో మెలిక. వేరికోస్ వెయిన్స్‌ను చాలా పాలసీలు వెయిటింగ్ పీరియడ్ జబ్బుల్లో పెడతాయి. 2024 నిబంధనల తర్వాత అది 36 నెలలు దాటకూడదు. సన్నటి సాలెగూడు నరాలకు ఇంజెక్షన్ అందం కోసమని, మిగతావాటికి ఓపీ చికిత్స అని క్లెయిమ్ కొట్టేస్తుంటారు. నొప్పి, వాపు, పుండు ఉన్నట్టు డాక్టరు ముందే రాసి ఉంటే వాదించే వీలుంటుంది. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాక నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ అదే కార్యాలయం, ఖర్చు లేదు. తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి.

కాలు చూపించుకోవడానికి బయల్దేరుతున్నవారు ఇంట్లో ఒకరిని తోడు తీసుకెళ్లండి. సూది గుచ్చకముందే డాప్లర్ రిపోర్టు చూపించమనండి, ఫారాన్ని తెలుగులో చదివి వినిపించమనండి. చదివి వినిపించని చోట సంతకం పెట్టకుండా లేచి రండి.