బండిలో 12 వోల్టుల లైట్లు మసకబారితే: బ్యాటరీని తిట్టే ముందు ఎర్త్ బోల్టు చూడండి

ఈసారి కషాయాల గురించి కాదు, కరెంటు గురించి మాట్లాడుకుందాం. మనలో చాలామంది పంటను చిన్న ట్రాలీ బండిలో వేసుకుని మనమే అమ్ముకుంటున్నాం. బండిలో లైట్లు, చిన్న ఫ్యాను, మైకు, వాటి కోసం వెనకాల ఇంకో 12 వోల్టుల బ్యాటరీ పెట్టుకుంటున్నాం. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు ఉప్పుగాలిలో తిరిగే బండి అయితే ఈ వైరింగు ఏదో ఒకరోజు ఏడిపించక మానదు. నన్ను ఏడిపించింది.

ఒక ఆదివారం సాయంత్రం మైపాడు బీచ్ దగ్గర బియ్యం, వేరుశనగ నూనె, ఆకుకూరలు పెట్టుకుని ఉన్నా. చీకటి పడి జనం వచ్చే టైముకి లైట్లు మసకబారాయి. మైకు గరగరమంటోంది. "ఏందన్నా, బండిలో దీపం పెట్టావా?" అని ఒకాయన నవ్వాడు. తూకం కాటా మీద అంకె కనపడక నలుగురు వెనక్కి పోయారు. మర్నాడు బ్యాటరీ షాపులో చూపిస్తే, మీటరు కూడా పెట్టకుండానే "బ్యాటరీ పోయింది, కొత్తది వేయించుకో" అన్నారు. ఆరేడు వేల మాట. జేబులో అంత లేక ఇంటికొచ్చేశా. లేకపోవడమే మంచిదైంది.

ముందు ఒక లెక్క. ఇంట్లో 230 వోల్టుల మీద 100 వాట్ల సామాను నడిస్తే తీగలో అర ఆంపియర్ కూడా పారదు. అదే 100 వాట్లు 12 వోల్టుల మీద నడవాలంటే 8 ఆంపియర్ల పైన పారాలి. కరెంటు ఎక్కువ పారేకొద్దీ దారిలో పోయే వోల్టులు ఎక్కువ. ఇంట్లో ఒక వోల్టు పోతే ఎవరికీ తెలియదు. బండిలో ఉన్నదే పన్నెండు, అందులో రెండు పోతే లైటు దీపమే అవుతుంది. అందుకే ఇంటి వైరింగు చేసే అలవాటుతో బండి వైరింగు చేయకూడదు.

ఇక కావాల్సింది ఒక మామూలు మల్టీమీటర్. డీసీ 20 వోల్టుల దగ్గర తిప్పి పెట్టండి. ఎర్ర తీగను ఆంపియర్ల రంధ్రంలో పెట్టి మాత్రం బ్యాటరీకి తాకించవద్దు, షార్ట్ అయి మెరుపు వస్తుంది.

మొదట బ్యాటరీ. ఇంజను ఆపి, ఏమీ వెయ్యకుండా మూడు నాలుగు గంటలు వదిలేసి చూడండి. 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం, 11.8 అంటే ఖాళీ. ఇంజను స్టార్ట్ చేస్తే 13.8 నుంచి 14.4 దాకా ఎక్కాలి. ఎక్కకపోతే ఛార్జింగు అందడం లేదని అర్థం, అప్పుడు బ్యాటరీ మార్చినా లాభం లేదు. నా బ్యాటరీ 12.6 చూపించింది. అన్నీ ఆన్ చేస్తే టెర్మినళ్ల దగ్గర 12.3. అంటే బ్యాటరీ నిక్షేపంగా ఉంది. లైటు దగ్గర పెడితే 9.6! మధ్యలో 2.7 వోల్టులు ఎవరు తింటున్నారు?

ఈ దొంగను పట్టే పద్ధతే అసలు పాఠం. పైన వీడియోలో నిదానంగా చూపించాను. లైట్లు, ఫ్యాను, మైకు అన్నీ వెలిగే ఉండాలి, ఆపితే దొంగ దొరకడు. మీటరు ఒక పుల్ల బ్యాటరీ ప్లస్ మీద, రెండోది లైటు ప్లస్ తీగ మీద పెట్టండి. వచ్చే అంకె ఆ దారిలో పోతున్న వోల్టేజీ. నాకు 0.5 వచ్చింది. తర్వాత ఒకటి బ్యాటరీ మైనస్ మీద, రెండోది లైటు మైనస్ మీద. 2.2 వచ్చింది! మనోళ్లు ఎప్పుడూ ప్లస్ తీగ వెంటే పోతారు. వచ్చిన కరెంటు బాడీ గుండా తిరిగి పోవాలి గదా, ఆ దారిని ఎవరూ చూడరు.

బ్యాటరీ మైనస్ నుంచి వచ్చిన తీగ ఛాసీకి బిగించిన బోల్టు దగ్గరికి పోయి చూస్తే, లగ్గు నిండా పచ్చటి చిలుము, కింద తుప్పు. తాకితే చురుక్కుమంది. 2.2 వోల్టులు, 8 ఆంపియర్లు అంటే 17 వాట్లకు పైగా వేడి ఆ ఒక్క బోల్టులోనే పుడుతోంది. దాని పక్కనే నా గోనె సంచులు, వరిగడ్డి. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

ఉప్పుగాలి ఒక్కటే కారణం కాదు. సరిగ్గా ఆ బోల్టు పైనే నేను జీవామృతం డ్రమ్ము పెడతాను. గుంతల రోడ్డు మీద 200 లీటర్ల డ్రమ్ము తొణికి కిందికి కారుతూ ఉంటుంది. గోమూత్రంలోని లవణాలు, అమ్మోనియా రాగిని తినేస్తాయి. పొలానికి అమృతమే గానీ తీగకు కాదు. ఇప్పుడు డ్రమ్ము రెండో పక్కకు మార్చి కింద ప్లాస్టిక్ ట్రే పెట్టాను.

బాగుచేయడం కష్టమేమీ కాదు. బ్యాటరీ మైనస్ ముందు విప్పాలి, చివరలో బిగించాలి. బోల్టు తీసి మంచినీళ్లతో కడిగి, ఆరాక గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్దాను. లగ్గు కొత్తది వేసి, గట్టిగా బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూశాను. "ఇత్తడి బిందెకు లాగా చింతపండుతో తోమితే పోదా?" అని ఒక అన్న అడిగాడు. చిలుము పోతుంది, కానీ పులుపు తీగ పోగుల్లో మిగిలితే మళ్లీ తినడం మొదలుపెడుతుంది. వద్దు. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి పొడి ఉంటే మాత్రం మూతలు బిగించే ఉంచి, వంటసోడా కలిపిన నీళ్లతో తుడవండి. ఒక్క చుక్క కూడా లోపలికి పోకూడదు.

ప్లస్ వైపు 0.5 పోవడానికి సన్న తీగే కారణం. 5 మీటర్లు 1.5 స్క్వేర్ ఎంఎం తీగ వేశారు. 4 స్క్వేర్ ఎంఎం వేస్తే 0.2కి తగ్గింది. మైనస్ వైపు 0.1. ఇప్పుడు లైటు దగ్గర సరిగ్గా 12. పడవలకు వాడే తగరం పూత తీగ దొరికితే అదే వేయండి, చిలుము తొందరగా పట్టదు.

ఫ్యూజు సంగతి. బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోపే ఉండాలి. నాకు 10 ఆంపియర్లది చాలింది. అది కొడుతోందని 30ది వేసేవాళ్లు, సిగరెట్ కాగితం చుట్టేవాళ్లు మన దగ్గర ఉన్నారు. అప్పుడు ఫ్యూజుకు బదులు తీగ కాలుతుంది.

12 వోల్టుల స్ప్రేయర్ ప్రెషరు తగ్గినా, సోలార్ ఫెన్సింగు దెబ్బ తగ్గినా ఇదే పరీక్ష చేయండి. స్ప్రేయర్‌ను వరి కోతలయ్యాక ఖాళీ బ్యాటరీతో మూలన పడేస్తే మాత్రం ఏ పరీక్షా కాపాడదు, లోపల పలకలు గట్టిపడిపోతాయి. నెలకోసారి ఛార్జింగు పెట్టండి.

మీ బండిలో మైనస్ వైపు ఎంత వచ్చిందో చూసి రాయండి. 0.3 దాటితే బోల్టు విప్పాల్సిందే.