కరువులో పని అడిగే హక్కు

వానలు పడకపోతే పొలం పనులు ఉండవు. పని లేకపోతే కూలి లేదు. అప్పుడు మన పెద్దవాళ్ళు అప్పు చేస్తారు, లేదా వలస పోతారు.

1972 కరువులో మహారాష్ట్ర ప్రభుత్వం లక్షల మందికి పని చూపింది. 1977లో దాన్ని చట్టం చేసింది. దేశమంతటికీ 2005లో చట్టం వచ్చింది. ఏటా కుటుంబానికి 100 రోజుల పని అన్నది. 2006 ఫిబ్రవరి 2న కరువు జిల్లా అనంతపురంలోని బండ్లపల్లిలో పథకం మొదలైంది. అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం 125 రోజులు అన్నది.

చెరువు పూడిక తీస్తే ఈ ఏడు కూలి వస్తుంది, వచ్చే ఏడు నీళ్ళు నిలుస్తాయి.

నోటిమాటగా అడిగితే రుజువు ఉండదు. కాబట్టి సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మానాన్నలకు దరఖాస్తు మనమే రాసిపెడదాం. తేదీ వేసిన రశీదు అడిగి తీసుకుందాం.