సముద్రపు రొదను వడపోసే కొలువు

సూళ్లూరుపేటలో డిగ్రీ చదివే పిల్లలను సైన్సుతో ఏం చేస్తారని అడిగితే, ఎక్కువమంది శ్రీహరికోటలోని రాకెట్ కేంద్రం షార్ వైపే చెయ్యి చూపిస్తారు. రాకెట్టు లేచిందంటే ఊరంతా డాబాలెక్కే చోట అది సహజమే. కానీ ఇదే తీరం నుంచి సముద్రం అడుగుకు వెళ్లే చదువూ ఒకటుంది. దాని పేరు జియోఫిజిక్స్, ఇక్కడి కాలేజీల్లో పెద్దగా వినబడదు.

మనకు ఎదురుగా నీటి కింద ఉన్నది పాలార్-పెన్నార్ బేసిన్. ఉత్తరాన కృష్ణా-గోదావరి బేసిన్. ఆ కేజీ బేసిన్‌లోనే 2002లో రిలయన్స్‌కు భారీ గ్యాస్ నిక్షేపం దొరికింది. 2024 జనవరిలో ఓఎన్‌జీసీ అక్కడి లోతు నీటి బ్లాకు నుంచి చమురు తీయడం మొదలుపెట్టింది. బావి ఎక్కడ తవ్వాలో ముందుగా చెప్పేది సీస్మిక్ సర్వే. ఓడ నెమ్మదిగా సాగుతూ ఎయిర్‌గన్‌లతో అధిక పీడనంలో ఉన్న గాలిని నీటిలోకి వదులుతుంది. ఆ చప్పుడు భూమి పొరలకు తగిలి తిరిగొస్తే, ఓడ వెనక కిలోమీటర్ల పొడవున లాగే స్ట్రీమర్ కేబుళ్లలోని హైడ్రోఫోన్లు వింటాయి.

తిరిగొచ్చే ప్రతిధ్వని చాలా బలహీనం. సముద్రం మాత్రం ఊరుకోదు. ఎక్కడో దూరాన వీచిన గాలులకు పుట్టి ఇక్కడి దాకా వచ్చే బారు అలలను స్వెల్ అంటారు. అల పది సెకన్లకోసారి వస్తుందనుకుంటే దాని ఫ్రీక్వెన్సీ 0.1 హెర్ట్జ్ మాత్రమే. అయినా రికార్డులో రొద ముఖ్యంగా 2 నుంచి 10 హెర్ట్జ్ దాకా, ఒక్కోసారి ఇంకా పైకీ కనిపిస్తుంది. కేబుల్ అలతో పాటు ఊగుతుంటే నీరు దాన్ని అడ్డంగా ఒరుసుకుంటూ సుడులు తిరగడం దీనికి ఒక పెద్ద కారణం. తెర మీద ఆ రొద పక్కపక్క ఛానళ్లలో నిలువు చారలుగా కనిపిస్తుంది.

పది హెర్ట్జ్ కంటే తక్కువున్నదంతా కోసేస్తే సరిపోదా అని కొత్తవాళ్లు అడుగుతారు. సరిపోదు. పై ఫ్రీక్వెన్సీలను రాళ్లు దారిలోనే మింగేస్తాయి, కాబట్టి లోతు పొరల కబురులో ముఖ్యమైన భాగం ఆ కింది ఫ్రీక్వెన్సీల్లో వస్తుంది. రాతి గుణాలను లెక్కగట్టే ఇన్వర్షన్‌కూ అవే ఆధారం. రొద, కబురు ఒకే చోట కలిసి ఉన్నాయి. వాటిని విడదీయగలిగినవాళ్లకే ఈ రంగంలో విలువ.

కేబుల్‌ను లోతుగా లాగితే రొద తగ్గుతుంది కానీ ఇంకో చిక్కు వస్తుంది. నీటి ఉపరితలం నుంచి తిరిగొచ్చే ప్రతిబింబం కొన్ని ఫ్రీక్వెన్సీలను చంపేస్తుంది. కేబుల్ 7.5 మీటర్ల లోతులో ఉంటే దాదాపు 100 హెర్ట్జ్ దగ్గర, 25 మీటర్లలో ఉంటే 30 దగ్గర గండి పడుతుంది. ఆ గండిని పూడ్చేందుకు 2007లో నార్వే కంపెనీ పీజీఎస్ రెండు రకాల సెన్సర్లున్న స్ట్రీమర్‌ను తెచ్చింది. ద్రవం నింపిన పాత కేబుళ్ల స్థానంలో ఘన కేబుళ్లు రావడం కూడా రొదను బాగా తగ్గించింది.

మిగిలిన పని కంప్యూటర్‌ది. ఒక ఫ్రీక్వెన్సీ పట్టీలో పక్క ట్రేసుల (ఛానళ్ల రికార్డుల) మధ్యస్థ విలువ కంటే ఏ ట్రేసు విపరీతంగా ఎగిరిందో చూసి దాన్ని తగ్గిస్తారు. తర్వాత, తీసేసిన భాగాన్ని విడిగా గీసి చూడాలి. అందులో పొరల గీతలు కనబడ్డాయంటే రొదతో పాటు భూమి మాటనూ పారబోసినట్టే. ఇంటర్వ్యూ చేసే అవకాశం వస్తే నేను ముందు ఈ పరీక్ష గురించే అడుగుతాను. డీప్ లెర్నింగ్ నేర్చిన పిల్లలు సైతం దీన్ని వదిలేస్తారు.

ఓడ మీద క్వాలిటీ కంట్రోల్ జియోఫిజిసిస్టులు రొద కొలతలు చూస్తూ సర్వే లైను కొనసాగించాలా, ఆపాలా అన్నదానిపై సర్వే బృందానికి పెద్దైన పార్టీ చీఫ్‌కు సలహా ఇస్తారు. ఓడ ఖాళీగా నిలబడితే ఖర్చు ఆగదు. అలాగని చెడ్డ డేటా మళ్లీ తీయాలంటే అంతకంటే ఖర్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు తుపానుల కాలం. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల అంచనాలు ఇస్తుంది. శ్రీహరికోటలో ప్రయోగం ఉంటే ఆ సముద్ర భాగంలోకి ఏ నౌకా రాకూడదు. ఇవన్నీ చూసుకుని పని దినాలు పొదుపుగా వాడుకోవాలి.

ఇంటర్‌లో ఎంపీసీ, డిగ్రీలో గణితం, భౌతికశాస్త్రం ఉంటే దారి తెరిచే ఉంటుంది. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో జియోఫిజిక్స్ శాఖలున్నాయి. ధన్‌బాద్ ఐఐటీ (ఐఎస్ఎం), ఖరగ్‌పూర్, రూర్కీ ఐఐటీలూ ఉన్నాయి. గేట్‌లో జియాలజీ-జియోఫిజిక్స్ పేపరు ఓఎన్‌జీసీ ఉద్యోగాలకు ముఖ్యమైన మెట్టుగా ఉండేది, ఇప్పటి పద్ధతి ఆ సంస్థ ప్రకటనలో చూసుకోండి. పరిశోధన ఇష్టమైతే హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, గోవాలో కేంద్రం, విశాఖలో శాఖ ఉన్న సముద్ర పరిశోధన సంస్థ ఎన్‌ఐఓ ఉన్నాయి. సూళ్లూరుపేట నుంచి లోకల్ రైలెక్కితే చేరే చెన్నైలో సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ ఉంది, బంగాళాఖాతంలో అలలు కొలిచే బోయాలను అదీ నడుపుతుంది.

ఓడ ఉద్యోగం వారాల తరబడి ఇంటికి దూరంగా ఉంచుతుంది, సముద్ర భద్రతా శిక్షణ తప్పనిసరి. ఆ శిక్షణ, ఉద్యోగం కలిపి ఇప్పిస్తామంటూ ముందే లక్షలు అడిగే ఏజెంట్ల దగ్గరికి వెళ్లకండి. ఓడ వద్దనుకునేవాళ్లకు తీరం మీది ప్రాసెసింగ్ కేంద్రాల్లో పని ఉంటుంది.

ఈ సెలవుల్లోనే ఒక పని మొదలుపెట్టవచ్చు. ఫోరియర్ పరివర్తన బాగా చదవండి. పైథాన్ నేర్చుకోండి, కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్ ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ సీస్మిక్ యూనిక్స్‌ను లినక్స్‌లో ఎక్కించుకోండి. బహిరంగంగా దొరికే ఒక సముద్ర సర్వే లైను తీసుకుని స్వెల్ రొద తగ్గించండి. ముందు, తర్వాత, తీసేసిన భాగం మూడింటినీ పక్కపక్కన అచ్చు వేసి, దరఖాస్తుతో జతచేయండి.